బాపు కుట్టిన బంకరు బ్యాగు

నా కాళ్ల దగ్గర సర్‌మని చప్పుడైంది. ఎండుటాకుల మీద సన్న చినుకులు పడితే వచ్చే చప్పుడు లాంటిది. నోట్లో సగం నమిలిన ఖర్జూరం ఉంది. కుడిచేతిలో ఎండుకొబ్బరి కుడుక ఉంది. బస్సు అప్పుడే గోదావరి వంతెన ఎక్కుతోంది. మెల్లగా కాలు జరిపాను. పాదం కింద గింజలు తగిలాయి. నూనె, పసుపు పట్టించిన నున్నటి బియ్యపు గింజలు. అవి మా అవ్వకు, అంటే మా అమ్మకు, పుట్టింటివాళ్లు పోసిన ఒడిబియ్యం.

ఇది జరిగి పాతికేళ్లు దాటింది. మా చుట్టాల్లో ఎక్కడ నలుగురు కూడినా ఈ కథ ఒకసారి చెప్పుకోవాల్సిందే. "బాపు కుట్టిన బ్యాగు కుట్టు ఊడి, బియ్యం బస్సంత పారినయి" అని మొదలుపెడతారు. కుట్టు ఊడలేదని తెలిసింది మాత్రం నాకొక్కదానికే.

ఈ సాయంత్రం దాకా నాకూ అదొక నవ్వులాట సంగతే. ఎల్లుండి పిల్లలతో కాగజ్‌నగర్‌లో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి వెళ్తున్నాం. ప్రయాణమంటే వారం ముందునుంచే నాకు గుండెదడ. చిన్నవాడికి ఆయాసం. పోయినసారి రైల్లో వాడికి ఎగపోత మొదలైతే, మందు పీల్చే మిషన్ బ్యాగు అడుగున ఎక్కడో ఉండి, బట్టలన్నీ సీటు మీద కుమ్మరించి వెతికాను. అందుకే ఈసారి బ్యాగు అడుగున, పక్కనుంచి చెయ్యి పెట్టేటట్టు ఒక మూతి పెట్టించాలనుకున్నాను. మా బాపు, అంటే నాన్న, నిన్ననే నస్పూర్ నుంచి వచ్చాడు. ఇంకొక ఆలోచన లేకుండా బ్యాగు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"బాపూ, జర దీనికి అడుగున ఒక మూతి కుట్టియ్యవా?"

బాపు బ్యాగును తిరగేసి, లోపలి గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూశాడు. ఆ వేళ్లకు పని తెలుసు. ఎక్కడ కోయాలో, ఎక్కడ మడత పెట్టాలో అప్పుడే కొలిచినట్టు కనిపించింది. అంతలోనే బ్యాగును పక్కకు జరిపాడు.

"నా కుట్టు నిలువది బిడ్డా. పిలగాని మందుల సంగతి. మంచి దర్జీకియ్యి."

"అవును తాతా, బియ్యం పారినట్టు మందులు గుడ పారుతయి!" అంది నా బిడ్డ. అందరం నవ్వాం. బాపు కూడా నవ్వాడు. నవ్వుతూనే, తాకకూడనిదేదో తాకినట్టు రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. మేం కథ చెప్పుకుని నవ్వుతున్నాం. ఆయన దాన్ని నమ్ముతున్నాడు.

పిల్లలు నిద్రపోయారు. నాకు నిద్ర రావడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు బొగ్గుబాయి, అంటే బొగ్గుగని, క్వార్టర్లలో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందొక చిన్న అర్ర, వెనక దొడ్లో బొప్పాయి చెట్టు. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఆ పొగ వాసనలోనే మాకు తెల్లవారేది. సైరన్ మోగితే టైము చూడాల్సిన పని లేదు. అవ్వ అన్నం దించేది. బాపు ఇంటికి వచ్చేటప్పటికి కళ్ల చుట్టూ కాటుక పెట్టుకున్నట్టు నల్లటి గీత ఉండేది. ఎంత రుద్దినా అది పూర్తిగా పోయేది కాదు. అందుకే నాకు చిన్నప్పుడు మా బాపు కళ్లంత అందమైన కళ్లు ఇంకెవరికీ లేవనిపించేది.

ఆయన పని బంకరు దగ్గర. బంకరంటే ఇల్లంత ఇనుప తొట్టి. పైనుంచి బొగ్గు పోస్తారు. కింద గేటు ఎత్తితే ఆ బొగ్గు వ్యాగన్లోకి జారిపడుతుంది. ఒక్కోసారి పెద్ద పెళ్ల ఒకటి వచ్చి గేటు మూతికి అడ్డం పడుతుందట. దాన్ని గడ్డపారతో పక్కకు లాగిన మరుక్షణం బొగ్గంతా ఒక్కసారిగా దూకుతుందట. బాపు ఈ సంగతి రోజూ అన్నం తినేటప్పుడు చెప్పేవాడు. ముద్ద కలిపి, వేళ్లతో గేటు చేసి, ముద్దను జార్చి చూపించేవాడు. "తిండిని తిండి తీరుగ తిను" అని మా నాయనమ్మ కోప్పడేది.

మా ఇంట్లో కొన్నది కొన్నట్టు ఉన్న వస్తువు లేదు. టిఫిన్ డబ్బాకు ఇంకొక పిడి. నా పలక బ్యాగుకు గొడుగు పెట్టుకునే గొట్టం. నాయనమ్మ చేతికర్ర కొసకు సైకిల్ ట్యూబు ముక్క. దబ్బనం, మైనం రాసిన దారం, కత్తెర, ఈ మూడూ ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ఆ డబ్బా మూత తీసిన చప్పుడు వినిపిస్తే, "ఇయ్యాల దేనికి మూడిందో" అనేది అవ్వ.

ఇక ఒడిబియ్యం సంగతి. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పిలిచి, కొంగులో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ పోస్తారు. ఆ బియ్యం అత్తగారింటికి తెచ్చి, వండి, చుట్టుపక్కలవాళ్లను పిలిచి పెట్టాలి. మా అమ్మమ్మ ఉన్నన్ని రోజులూ మూడేళ్లకోసారి తప్పకుండా పోసేది. ఆమె పోయాక కరీంనగర్ దగ్గర ఊళ్లో మామ ఒక్కడే మిగిలాడు. ఒక గడువు దాటింది, పిలుపు రాలేదు. రెండో గడువూ దాటింది. క్వార్టర్ల వరసలో ఎవరింట్లో ఒడిబియ్యం వండినా అవ్వ వెళ్లి తినేది. వచ్చాక ఆ పూట మాట్లాడేది కాదు. అట్లాంటిది, ఆ ఎండాకాలం మామ స్వయంగా వచ్చి, "అక్కా, రావాలె" అన్నాడు. అవ్వ మంచినీళ్లివ్వడానికి లోపలికి వెళ్లి చాలాసేపటి దాకా బయటికి రాలేదు. మర్నాడే వరసంతా తిరిగి, "వచ్చే ఐతారం మా ఇంట్ల తినాలె" అని అందరికీ చెప్పి వచ్చింది.

బాపు బిస్కెట్ డబ్బా తీశాడు.

కారణం లేకపోలేదు. అమ్మమ్మ పోసిన చివరిసారి, ఒడిబియ్యం మూట బ్యాగులో బట్టల మధ్య పెడితే, బాపు తెల్ల అంగీ మొత్తం పసుపయింది. ఆ అంగీతోనే డ్యూటీకి వెళ్తే, నెల రోజులు ఆయన్ని అందరూ "పెండ్లికొడుకా" అని పిలిచారు. దానికి తోడు నాయనమ్మ పట్టింపు ఒకటి. ఇంటికి రాగానే బ్యాగులోంచి మొదట ఒడిబియ్యమే తీయాలి, దేవుని పటం ముందు చాటలో పోశాకే మిగతావి ముట్టాలి. మూట అడుగున ఉంటే, దాని మీది బట్టలన్నీ ముందు తీయక తప్పదు. తీస్తే నాయనమ్మ ఊరుకోదు.

బాపు పెద్ద రెగ్జిన్ బ్యాగు ఒకటి తిరగేసి, అడుగున పాత గొడుగు గుడ్డతో ఒక అర కుట్టాడు. గొడుగు గుడ్డకు గింజ అంటదు, జారుతుంది. పైన ఒక మూలనుంచి బియ్యం పోయడానికి మూతి. పక్కన, అడుగుకు ఆనుకుని, బియ్యం బయటికి రావడానికి ఒక గొట్టం. ఆ గొట్టానికి రెండు టిక్ బటన్ల మూత, దాని మీద ఒక నాడా ముడి. పైన బట్టలు కదలకుండా కింద బియ్యం దించుకోవచ్చు.

మొదట ఆ గొట్టాన్ని తన పాత ప్యాంటు కాలు కత్తిరించి కుట్టబోయాడు.

"నా ఒడిబియ్యం నీ పాయింట్ల కెళ్లి రావాల్నా?" అని అవ్వ కత్తెర గుంజుకుంది. అందుకని గొట్టం కూడా గొడుగు గుడ్డతోనే అయింది.

తయారయ్యాక, రేషన్ బియ్యం పోసి చూపించాడు. వరసలోని ఆడవాళ్లంతా గుమ్మం దగ్గర చేరారు. నాడా విప్పాడు, టిక్, టిక్, గేటు తీశాడు. బియ్యం సన్నటి ధారగా చాటలోకి దిగి కుప్పగా కూర్చుంది. ఒక్క గింజ బయట పడలేదు. "అన్నా, మాకు గుడ ఒకటి కుట్టియ్యే" అంది పక్కింటామె.

"బాయిల బంకరు సాలలేదనుకుంట. ఇంట్ల గుడ పెట్టిండు" అంది నాయనమ్మ. కానీ ఆమె కూడా గేటును రెండుసార్లు తీసి, వేసి చూసింది. బాపు ముఖంలో ఆ రోజు చూసిన వెలుగు నాకింకా గుర్తుంది.

మామ ఇంట్లో రెండు రోజులున్నాం. గారెలు, కోడికూర, పచ్చిపులుసు. అత్త బియ్యం కలుపుతుంటే పసుపు, నూనె, కొత్త రవికె గుడ్డ గంజి, మూడు వాసనలూ కలిసి ఇల్లంతా నిండాయి. అవ్వ తూర్పుకు తిరిగి పీట మీద కూర్చుని కొంగు పట్టింది. అత్త రెండు చేతులతో పోస్తుంటే, కుడుకలు, ఖర్జూరాలు బియ్యంలో మునిగిపోవడం నేను కళ్లార్పకుండా చూశాను. నాకప్పటికి ఎనిమిదేళ్లు. ఖర్జూరం మా ఇంట్లో రోజూ దొరికే వస్తువు కాదు.

తిరుగు ప్రయాణంలో కిటికీ దగ్గర అవ్వ, పక్కన నేను. ముందు సీట్లో తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని బాపు. బ్యాగు నా కాళ్ల మధ్య ఉంది, గేటు నా వైపే ఉంది. దాదాపు గోదావరిఖని దాకా ఓర్చుకున్నాను. తర్వాత ఒక టిక్ బటన్ తీశాను. వేలు పెడితే ఖర్జూరం తగిలింది. తీసి తిన్నాను. ఇంకొకటి తిన్నాను. అవ్వ కునుకు తీస్తోంది. రెండో బటన్ తీసి, నాడా విప్పాను. మూతికి అడ్డంగా ఒక కుడుక ఉంది. దాన్ని చూసి చాలా సంతోషించాను. అది ఎందుకక్కడ ఆగిందో ఆలోచించలేదు. ఆ సంగతి బాపు అన్నం ముద్దతో ఎన్నిసార్లు చూపించాడు! పెళ్లను లాగితే బొగ్గు దూకుతుందని. కుడుకను పట్టి లాగాను.

సర్‌మంది.

మడమతో మూతి నొక్కాను. మడమ పక్కనుంచి పారింది. అరచెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ల సందుల్లోంచి పారింది. బస్సు వంతెన ఎక్కుతుంటే బియ్యం వెనక్కి జారాయి. డ్రైవర్ బ్రేక్ వేస్తే ముందుకు వచ్చాయి. కుడుకను గౌను జేబులో దాచుకోవడం మాత్రం మరిచిపోలేదు.

"ఓ పిల్లా! గివేందే, పసుపు బియ్యం పారుకుంట వస్తున్నయి?" వెనక సీటు ముసలామె అరిచింది.

అవ్వ లేచింది, చూసింది. "అయ్యో, నా ఒడిబియ్యం!"

ఆ మాటతో బస్సు బస్సంతా కాళ్లు పైకెత్తింది. ఎవరూ చెప్పలేదు. ఒడిబియ్యం అనగానే, పాదం కింద పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. నలభై యాభై మంది మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. నిలబడ్డవాళ్లు పై కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద వేలాడారు. కండక్టర్ నడవ మధ్యలో ఇరుక్కుపోయి కొంగలా నిలబడ్డాడు.

"ఎవలయి గీ బియ్యం? లగేజీ టికెట్ తీస్కున్నరా?"

"ఒడిబియ్యానికి టికెట్ గొడ్తవార? నీ పెండ్లానికి పుట్టిల్లు లేదా?" అంది ముసలామె. బస్సంతా నవ్వింది. కండక్టర్ కూడా నవ్వి, డ్రైవర్‌ను కేకేశాడు. వంతెన దాటాక బస్సు పక్కకు ఆగింది. డ్రైవర్ మంచివాడు, తన సీటు వెనకనుంచి చీపురు తీసిచ్చాడు. ఆడవాళ్లంతా ఒక్కసారే అతని మీద పడ్డారు.

"ఒడిబియ్యానికి చీపురు పెడ్తరా ఎవలన్న? మగోళ్లు దిగుండ్రి, కిటికీలకెళ్లి దూకుతరో ఎట్ల దిగుతరో, గింజ తొక్కకుంట దిగుండ్రి!"

ముసలామె చెప్పినట్టే అంతా నడిచింది. ఆడవాళ్లు ముంగాళ్ల మీద కూర్చుని పిడికిళ్లతో ఎత్తసాగారు. మా పక్క వరస సీట్లో బుర్ఖా వేసుకున్నామె తన చున్నీ తీసి పరిచింది. "గీండ్ల పోయుండ్రి. నిన్ననే ఉతికిన." తర్వాత అవ్వ వైపు తిరిగి, "ఫికర్ చేయకు అక్కా, పల్లికాయ పొట్టు నేను ఏరుత" అని, గింజ గింజా ఏరింది.

అవ్వ మాత్రం ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "మా అవ్వ పోయినాక మొదటిసారి పోసిండ్రు. కింద పడె. ఐతారం అందరిని పిలిచిన. ఏం మొకం పెట్టుకోని వండాలె?"

ముసలామె ఆమెను చూసింది. "లే. సీట్ల కూసో. కొంగు వట్టు. కింద వడ్డదంటవు కదా, మళ్ల పోస్తం. పోస్తే ఒడిబియ్యమే కదా."

అవ్వ సీట్లో కూర్చుని కొంగు పట్టింది. ఒక్కొక్కరు చున్నీలోంచి రెండు చేతులా తీసి పోశారు. పరాయి ఊళ్లవాళ్లు, పేరు తెలియనివాళ్లు. బుర్ఖా ఆమె వంతు వచ్చేసరికి చేతులు ఆగాయి. "నేను పోయొచ్చా అక్కా?"

"ఏరింది నువ్వు. నువ్వు పొయ్యకుంటే ఎట్ల?" అంది అవ్వ, ముక్కు తుడుచుకుంటూ.

అందరూ పోశాక, అంతసేపు అధికారం చేసిన ముసలామె వెనక్కి జరిగింది. ఆమె నుదుట బొట్టు లేదు. అది అవ్వ చూసింది. కొంగు అలాగే పట్టుకుని లేచి, ఆమె ముందుకు వెళ్లి నిలబడింది. "నువ్వు గుడ పొయ్యి, అవ్వా."

"నేనా? నేను పోయొద్దు బిడ్డా."

"మా అవ్వ లేదు. నువ్వు పొయ్యి."

ముసలామె చున్నీ వైపు చూసింది. చున్నీ ఖాళీ అయింది. ఆమె తన మూట విప్పి, అందులోంచి రెండు దోసిళ్ల జొన్నలు తీసి అవ్వ కొంగులో పోసింది. "నా దగ్గర గివే ఉన్నయి" అంది.

ఇదంతా చూస్తూనే, నేను కిటికీలోంచి బయటికి చూశాను. కింద మగవాళ్లు, బాపు దించిన మా బ్యాగు చుట్టూ మూగారు. "ఎవలు కుట్టిండ్రన్నా?" అని ఒకతను అడిగాడు.

"నేనే" అన్నాడు బాపు.

"ఏం లేదు, కుట్టినోని పేరు జెప్తే, మేం ఆడికి పోకుంట ఉందామని."

అందరూ నవ్వారు. బాపు మూత వేసి చూశాడు. టిక్, టిక్. గట్టిగా లాగాడు. ఊడలేదు. ఇంకోసారి లాగాడు. నుదురు ముడిచి, కుట్టు వెంట బొటనవేలితో వెతికాడు. ఏమీ దొరకలేదు. చివరికి, "బరువుకు ఆగనట్టుంది. నా అంచనా తప్పింది" అన్నాడు. అప్పుడే చెప్పాల్సింది. కిటికీ తెరిచే ఉంది. నా గొంతులో ఖర్జూరం తీపి ఇంకా ఉంది. నేను తల లోపలికి తీసుకున్నాను.

ఇంటికి వెళ్లాక నాయనమ్మ సోలతో కొలిస్తే, తెచ్చినదాని కన్నా అర సోల ఎక్కువే వచ్చింది. "గీ జొన్నలేందే కోడలా?" అని అడిగింది. అవ్వ చెప్పింది. ఆదివారం నాడు వరసంతా తిన్నారు. పసుపన్నంలో అక్కడక్కడ జొన్నగింజ పంటికి తగిలినప్పుడల్లా, అవ్వ ఆ బస్సు కథ మళ్లీ మొదటినుంచి చెప్పింది. "అందరికి పుట్టింటోళ్లు పోస్తరు. నాకు బస్సు బస్సే పోసింది" అని చెప్పేటప్పుడు, రెండు గడువుల దిగులు ఆమె ముఖంలో మచ్చుకైనా లేదు.

బాపునేమో "బంకరు మేస్త్రీ" అన్నారు. ఆయన నవ్వాడు. తొందర్లోనే కథలో గేటు పోయి, "కుట్టు ఊడింది" అన్న మాట మిగిలింది. బడులు తెరిచాక నా పలక బ్యాగు పట్టె తెగింది. బాపు దాన్ని తీసుకుని బజారుకు బయలుదేరాడు. "నువ్వే కుట్టు బాపూ" అన్నాను. "నేను కుడ్తే మళ్ల ఊడ్తది బిడ్డా" అన్నాడు. బిస్కెట్ డబ్బా ఎప్పుడు ఇంట్లోంచి పోయిందో నాకు తెలియదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏదైనా కొంటే, కొన్నది కొన్నట్టే ఉండేది. టిఫిన్ డబ్బాలు, సంచులు, గొడుగులు, అన్నీ అందరి ఇళ్లలో ఉన్నట్టే.

ఆ క్వార్టర్లలో ఇప్పుడు సగం తాళాలు వేసి ఉన్నాయి. పొయ్యిల పొగ లేదు. వరసలో ఎవరెక్కడున్నారో తెలియదు. ఆ ముసలామె ఈపాటికి ఉండదు. వాళ్లందరి మంచితనం నేను చేసిన దొంగతనం వల్లే బయటపడిందని, చాలా ఏళ్లు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. మా అవ్వకు మేలే జరిగింది కదా అనుకున్నాను. నష్టం ఎవరికి జరిగిందో ఈ సాయంత్రం, ఆయన చేతులు లుంగీకి తుడుచుకుంటుంటే కనిపించింది.

రాత్రి ఇక్కడిదాకా రాసి పడుకున్నాను.

పొద్దున బాపు బాల్కనీలో కూర్చుని చాయ్‌లో బన్ను ముంచుకుంటున్నాడు. పిల్లలిద్దరినీ లేపి, ముఖాలైనా కడగనివ్వకుండా, తీసుకెళ్లి ఆయన ఎదుట నిలబెట్టాను.

"నిన్న తాతను జూసి నవ్విండ్రు కదా, ఇప్పుడు ఇనుండ్రి. తాత కుట్టు ఊడలే. బస్సుల గేటు నేనే తీసిన, ఖర్జూరం కోసం. కుడుక గుడ నేనే గుంజిన. మీ తాత కుట్టింది ఒక్కటంటే ఒక్కటి గుడ ఇప్పటిదాక ఊడలే. ఇగ నవ్వాలంటే నన్ను జూసి నవ్వుండ్రి."